భార్యత్వపు భాషలో రాజకీయాకాంక్ష: ఎవా పెరోన్ స్వీయకథ, సాహిత్య వారసత్వం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అర్జెంటీనా అధ్యక్షుడు హువాన్ పెరోన్ భార్య ఎవా పెరోన్ (1919-1952) ఎన్నికైన పదవి ఏదీ చేపట్టకుండానే ఆరేళ్ళపాటు ఆ దేశ రాజకీయాలను బలంగా ప్రభావితం చేసింది. ప్రత్యర్థులు ఆమెపై మోపిన ప్రధానారోపణ అధికారకాంక్ష. ఆమె పేరుతో 1951లో వెలువడిన స్వీయకథ ఆ ఆకాంక్షను ఆసాంతం నిరాకరిస్తుంది. ఆ నిరాకరణ ఎలా పనిచేసింది, ఆమెకు ఏమి సమకూర్చింది, ఏమి అందకుండా చేసింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బోర్హెస్, వాల్ష్, కోపి, మార్తినెస్ వంటి రచయితలు ఆమెను చిత్రించిన తీరును ఆ స్వీయకథతో కలిపి చదువుతుంది. భర్తపట్ల భక్తిగా మాత్రమే వ్యక్తం కాగలిగిన ఆకాంక్ష పదవిని కోరవలసిన ఘడియలో మాట దొరకక నిలిచిపోయిందని, తరవాతి సాహిత్యం కూడా ఆమెలోని నిర్మాతను విడిచి ఆమె దేహాన్నే పట్టుకుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఎవా పెరోన్, స్వీయకథ, రాజకీయాకాంక్ష, స్త్రీల ఓటుహక్కు, అర్జెంటీనా సాహిత్యం, స్త్రీవాద విమర్శ.

1. ప్రవేశిక

రాజకీయాల్లోకి వచ్చిన పురుషుణ్ణి 'నీకు అధికారం మీద ఆశ ఉందా' అని ఎవరూ నిలదీయరు. ఆ ఆశ అతని వృత్తిలో భాగమని లోకం ముందే ఒప్పుకుంది. అదే ఆశ పాలకుడి భార్యలో కనిపిస్తే అది ఆమె స్వభావదోషంగా నమోదవుతుంది. భర్తను అడ్డుపెట్టుకొని ఎదిగిందని కొందరు, భర్తను ఆడించిందని మరికొందరు అంటారు. ఈ రెండు నిందలూ పరస్పరం పొసగవు. అయినా ఒకే స్త్రీపై రెండింటినీ ఏకకాలంలో మోపడం చరిత్రలో తరచు కనిపించే విషయమే.

ఎవా పెరోన్ జీవితం ఈ వైరుధ్యానికి స్పష్టమైన ఉదాహరణ. ఆమెపై వచ్చిన సాహిత్యం విస్తారమైనది. జీవితచరిత్రలు, నవలలు, కథలు, నాటకాలు, సంగీతరూపకం, చలనచిత్రాలు అందులో ఉన్నాయి. వీటిలో చాలావరకు ఆమె మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. పునీత అని కొలిచేవారికీ, వంచకి అని నిందించేవారికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం ఉంది. ఇద్దరి దృష్టిలోనూ ఆమె ఒక అసాధారణ వ్యక్తి. సంస్థలు కట్టి, కార్యకర్తలను ఎంపికచేసి, ఎన్నికలకు సిద్ధంచేసిన రాజకీయ నిర్వాహకురాలిగా ఆమెను చూసినవారు తక్కువ. ఈ వెలితి ఎక్కడ మొదలయిందని వెదికితే, ఆశ్చర్యకరంగా, అది ఆమె స్వీయకథలోనే మొదలయిందని తెలుస్తుంది. ఆ విషయాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. జీవితనేపథ్యం: రేడియో నుంచి రాజకీయ వేదికకు

ఎవా 1919 మే 7న బ్యూనస్ ఎయిరిస్ రాష్ట్రంలోని లోస్ తోల్దోస్ అనే పల్లెలో పుట్టింది. తల్లి హువానా ఇబర్గురెన్. తండ్రి హువాన్ దువార్తె వేరే ఊళ్ళో భార్యాపిల్లలున్న భూస్వామ్య వర్గీయుడు. వివాహేతర సంతానం కావడం ఆనాటి సమాజంలో చిన్న విషయం కాదు. 1926లో తండ్రి చనిపోయాక కుటుంబం మరింత చితికిపోయింది. 1930లో వారు హూనిన్ పట్టణానికి చేరారు. 1935 జనవరిలో, పదిహేనేళ్ళ వయసులో, నటి కావాలన్న కోరికతో ఆమె రాజధానికి వెళ్ళింది. పెళ్ళికి ముందు ఆమె జనన నమోదు పత్రం మారిపోయింది. కొత్త పత్రంలో ఆమె పుట్టిన సంవత్సరం 1922 అయింది, ఊరు హూనిన్ అయింది, ఇంటిపేరు దువార్తె అయింది.

రంగస్థలం మీదా వెండితెర మీదా ఆమెకు దక్కినవి ఎక్కువగా చిన్న పాత్రలే. నిలదొక్కుకున్నది రేడియోలో. 1943 నుంచి రేడియో బెల్గ్రానోలో ప్రసారమైన ఒక ధారావాహికలో ఆమె చరిత్రప్రసిద్ధ స్త్రీల పాత్రలు పోషించింది. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్, రష్యాను ఏలిన కేథరీన్, నటి సారా బెర్నార్ వారిలో ఉన్నారు. ఆ రచనలు చేసిన వారిలో ఫ్రాన్సిస్కో మున్యోస్ అస్పీరి ఒకడు. తరవాతి కాలంలో ఆమె రాజకీయ ప్రసంగాలకు రాతసాయం చేసిందీ అతడే. రాణుల మాటలు పలికిన గొంతు, ఆ మాటలు రాసిన కలం, రెండూ కలిసే స్టూడియో నుంచి ప్రభుత్వంలోకి ప్రవేశించాయి. ఆమెను 'నటి' అని ఎద్దేవా చేసినవారు ఈ విషయాన్ని ఆధారంగా చూపవచ్చు. కాని వేలమంది శ్రోతలతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతున్నట్లు మాట్లాడే నేర్పు 1940లలో రాజకీయ నైపుణ్యంగా మారుతున్న కాలమది. అదే నేర్పు పురుష నాయకుల్లో కనిపిస్తే వాగ్ధాటి అని మెచ్చుకున్నారు.

1944 జనవరిలో సాన్ హువాన్ నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. బాధితుల సహాయార్థం లూనా పార్క్‌లో జరిగిన కార్యక్రమంలో ఆమెకు కల్నల్ పెరోన్‌తో పరిచయమైంది. 1945 అక్టోబరులో వారి వివాహం జరిగింది. 1946 జూన్‌లో పెరోన్ అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆమె వయసు 27 ఏళ్ళు.

3. స్వీయకథలోని మౌనాలు

'లా రసోన్ దె మి విదా' (నా జీవితహేతువు) 1951 అక్టోబరులో పెయుసెర్ ప్రచురణగా వెలువడింది. తొలి ముద్రణ 3 లక్షల ప్రతులు. మరుసటి ఏడాది దాన్ని పాఠశాలల్లో పాఠ్యగ్రంథంగా చట్టం ద్వారా నిర్ణయించారు. మాన్యుయెల్ పెనెల్యా దె సిల్వా అనే స్పానిష్ పాత్రికేయుడు ఈ పుస్తకానికి మూలప్రతిని సిద్ధంచేశాడు. ప్రభుత్వంలో ఉన్న రవూల్ మెందె దాన్ని మార్చి తుదిరూపం ఇచ్చాడు.

ఇక్కడ ఒక సిద్ధాంత సమస్య ఎదురవుతుంది. రచయిత, కథకుడు, కథానాయకుడు ఒక్కరేనని ముఖపత్రం మీది పేరు పాఠకుడికి హామీ ఇస్తుందని ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ లెజున్ 1975లో ప్రతిపాదించాడు. ఆ హామీనే ఆయన స్వీయకథా ఒడంబడిక అన్నాడు. ఈ పుస్తకంలో ఆ ఒడంబడిక బీటలువారింది. కాగితం మీద పెట్టింది ఒకరు, దిద్దింది మరొకరు, సంతకం ఎవాది. అంతమాత్రాన దీన్ని పక్కన పెట్టేయడం సరికాదు. రాజకీయ నాయకుల స్వీయకథల్లో పరహస్తం అరుదు కాదు. పైగా ఆమె దీన్ని తనదిగా అంగీకరించి దేశం ముందు పెట్టింది. కాబట్టి ఈ పుస్తకాన్ని ఆమె అంతరంగానికి సాక్ష్యంగా చదవడం కంటే, ఆమె ఏ రూపంలో కనిపించడానికి ఒప్పుకుందో తెలిపే పత్రంగా చదవడం సముచితం.

ఆ దృష్టితో చూస్తే పుస్తకంలో ఉన్నవాటికంటే లేనివి ఎక్కువ మాట్లాడతాయి. పుట్టిన ఊరు లేదు. తండ్రి లేడు. తొమ్మిదేళ్ళ నటజీవితం లీలామాత్రంగా కనిపిస్తుంది. బాల్యం గురించి ప్రధానంగా చెప్పేది ఒక్కటే: లోకంలో పేదలూ ధనికులూ ఉన్నారన్న ఎరుక కలిగినప్పుడు గుండెలో పుట్టిన కోపం. జీవితచరిత్రకు ప్రాణమైన వివరాలన్నీ తీసేసి, ఆ ఖాళీలో ఒక మనోభావాన్ని నిలిపారు. తరవాత పెరోన్ తారసపడిన రోజును కొత్త జన్మగా చిత్రించారు. పెరోన్‌కు ముందు ఆమెకు చరిత్ర లేదు, ఉన్నది ఎదురుచూపు మాత్రమే.

పుస్తకం మూడు భాగాలు. తన కర్తవ్యానికి కారణాలు, శ్రామికులు, స్త్రీలు అన్న వరుసలో అవి సాగుతాయి. ఒక అధ్యాయంలో ఆమె తనను ఇద్దరిగా విడదీసి చెబుతుంది. విందులకు, రాజలాంఛనాలకు హాజరయ్యే అధ్యక్షపత్ని ఎవా పెరోన్ ఒకరు. పేదలు చనువుగా పిలుచుకునే ఎవిటా మరొకరు. మొదటి పాత్ర సులభమనీ, రెండోదే కష్టమనీ, తనకు ఇష్టమైనది అదేననీ అంటుంది. జాగ్రత్తగా గమనిస్తే, ఈ విభజనలో అధికారం చెలాయించే మూడో మనిషి కనిపించదు. నిధులు సమీకరించి, నియామకాలు నిర్ణయించి, కార్మిక సంఘాల తగవులు తీర్చిన ఆ మనిషిని పాఠకుడి కంటపడకుండా ఉంచడమే ఈ విభజన చేసే పని.

4. పిచ్చుక ఉపమానం, పార్టీ నిర్మాణం

స్వీయకథలో ఆమె తనను పిచ్చుకగానూ, భర్తను ఆండీస్ శిఖరాల మీద ఎగిరే కాండోర్‌గానూ పోల్చుకుంటుంది. తన ఎగరడం కూడా అతడు నేర్పినదేనంటుంది. పిచ్చుక నేలకు దగ్గరగా తిరిగే పక్షి. కాండోర్‌కు కనిపించని గింజలు దానికి కనిపిస్తాయి. ఈ ఉపమానం లోపల ఒక స్థానాన్ని గుట్టుగా కోరుకోవడం ఉంది. భర్త ఎంత ఎత్తున ఉంటే ప్రజలకూ అతనికీ మధ్య అంత దూరం ఏర్పడుతుంది, ఆ దూరాన్ని కలిపే మనిషి అవసరం అంత పెరుగుతుంది. అందువల్ల ఆమె భర్తను పొగిడిన ప్రతిసారీ తన స్థానాన్ని కూడా పటిష్ఠం చేసుకుంది.

ఈ వినయపు మాటల వెనక జరిగిన పని పరిమాణం చిన్నది కాదు. ఆమె కార్మిక సచివాలయ భవనంలో కార్యాలయం ఏర్పరచుకొని రోజూ గంటల తరబడి అర్జీదారులను కలిసేది. 1948లో ఆమె పేరుతో సామాజిక సహాయ సంస్థ ఏర్పడింది. 1823 నుంచి ఉన్నతవర్గ స్త్రీల చేతుల్లో ఉన్న దానధర్మాల సంఘాన్ని ప్రభుత్వం అప్పటికే తన అధీనంలోకి తీసుకుంది. కొత్త సంస్థ ఆసుపత్రులు, నర్సుల శిక్షణాలయం, పిల్లల వసతి పాఠశాలలు, దిక్కులేని స్త్రీలకు తాత్కాలిక నివాసాలు, వృద్ధాశ్రమాలు నిర్మించింది. 1948 ఆగస్టులో ఆమె ప్రకటించిన వృద్ధుల హక్కులు 1949 రాజ్యాంగంలో చోటుచేసుకున్నాయి. దయగా అందేదాన్ని హక్కుగా మార్చిన ఈ అడుగు సామాన్యమైనది కాదు.

మరోవైపు ఈ సంస్థకు కార్మికుల వేతనాల నుంచి, ప్రభుత్వ ఖజానా నుంచి, కొన్నిసార్లు ఒత్తిడికి లోనైన వ్యాపారుల నుంచి నిధులు వచ్చేవి. వాటిపై స్వతంత్ర పర్యవేక్షణ లేదు. హక్కు అని ప్రకటించిన సాయం ఆచరణలో ఒక వ్యక్తి చేతిమీదుగా, ఆ వ్యక్తి చిత్రపటంతో సహా అందేది. హక్కుకూ కానుకకూ మధ్య గీత చెరిగిపోయిందన్న విమర్శ న్యాయమైనదే.

ఆమె చేసిన అత్యంత ప్రధానమైన నిర్మాణం స్త్రీల పెరోనిస్టు పార్టీ. 1949 జూలైలో ఇది ఏర్పడింది. పురుషుల పార్టీకి ఇది అనుబంధం కాదు, వేరే సంస్థ. రాష్ట్రాలకు ఆమె ఎంపికచేసిన 23 మంది ప్రతినిధులను పంపింది. వారు స్థానికంగా కేంద్రాలు తెరిచి స్త్రీలను నమోదు చేశారు. ఆ కేంద్రాల్లోకి పురుషులకు ప్రవేశం లేదు. కుట్టుపని, చదువు, వైద్యసలహా వంటివాటితో పాటు ఓటు వేయడం ఎలాగో అక్కడ నేర్పారు. 1951 నవంబరు 11న దేశవ్యాప్తంగా స్త్రీలు తొలిసారి ఓటు వేసినప్పుడు ఆ పార్టీ నుంచి 23 మంది దిగువసభకు, ఆరుగురు సెనేటుకు ఎన్నికయ్యారు. అభ్యర్థులను నిర్ణయించింది ఎవాయే. ఇంత యంత్రాంగాన్ని రెండేళ్ళలో నిలబెట్టిన మనిషి తనను పిచ్చుక అనుకున్నదంటే నమ్మడం కష్టం. పిచ్చుక అని చెప్పుకోకపోతే ఆ యంత్రాంగాన్ని నిలబెట్టనిచ్చేవారా అన్నది అసలు ప్రశ్న.

5. 1951 ఆగస్టు: భాష విధించిన హద్దు

ఈ ప్రశ్నకు 1951 ఆగస్టు సంఘటనలు సమాధానమిస్తాయి. ఆగస్టు 22న కార్మిక సమాఖ్య బ్యూనస్ ఎయిరిస్‌లోని 9 జూలై రహదారిపై బ్రహ్మాండమైన సభ జరిపింది. పెరోన్ రెండోసారి అధ్యక్షుడిగా, ఎవా ఉపాధ్యక్షురాలిగా పోటీచేయాలన్నది సభ కోరిక. ఆమె వేదికపైకి వచ్చింది. జనం సమ్మతి చెప్పమన్నారు. ఆమె గడువు అడిగింది. వారు ఒప్పుకోలేదు. గడువును రోజుల నుంచి గంటలకు తగ్గించింది. అయినా ఒప్పుకోలేదు. చివరకు ప్రజలు చెప్పినట్లే చేస్తానన్న అర్థం వచ్చే మాటతో సభ ముగిసింది. ఆ మాటను సమ్మతిగా తీసుకోవాలో వద్దో ఎవరికీ స్పష్టం కాలేదు. ఆగస్టు 31న రేడియోలో ఆమె పోటీ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. చరిత్రలో పెరోన్ గురించి రాసే అధ్యాయంలో, ప్రజల ఆశలను అతనికి చేరవేసిన ఒక స్త్రీ పక్కన ఉండేదని గుర్తుంచుకుంటే చాలునన్నది ఆ ప్రసంగసారం.

ఈ విరమణకు కారణాలు చరిత్రకారులు చెప్పినవే. సైన్యంలో ఆమె అభ్యర్థిత్వంపై తీవ్రమైన వ్యతిరేకత ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆమెను అప్పటికే కుంగదీస్తోంది. పెరోన్ బహిరంగంగా ఆమె పక్షాన నిలబడలేదు. ఈ కారణాలను తోసిపుచ్చనవసరం లేదు. అయితే వాటికి తోడు భాషాపరమైన కారణం కూడా ఉందని ఈ వ్యాసం భావిస్తోంది. తనకంటూ ఏమీ అక్కర్లేదని ఐదేళ్ళుగా చెబుతూ వచ్చిన మనిషి, 'ఆ పదవి నాకు కావాలి' అన్న మాటను ఒక్కసారిగా ఎలా పలకగలదు? ఆమెను పైకి తెచ్చిన మాటల్లో కోరిక అన్నదానికి చోటు లేదు. అవును అంటే ఇన్నాళ్ళ వైరాగ్యం అబద్ధమవుతుంది. కాదు అంటే ఎదుట ఉన్న జనాన్ని తోసిపుచ్చినట్లవుతుంది. ఆ రాత్రి వేదిక మీద జరిగిన తడబాటు ఒక స్త్రీ మనసులోని డోలాయమానం మాత్రమే కాదు. ఆమె వాడుతున్న భాష అక్కడితో ఆగిపోయింది.

రెండు నెలల తరవాత వెలువడిన స్వీయకథ ఈ వెనుకడుగును ముందునుంచీ ఉన్న స్వభావంగా చూపుతుంది. పాఠకులు పుస్తకం తెరిచేనాటికి విరమణ జరిగిపోయింది. అందువల్ల ప్రతి వినయవాక్యమూ ఆ విరమణకు సమర్థనలా చదివించుకుంటుంది. నవంబరులో శస్త్రచికిత్స జరిగిన కొద్దిరోజులకే ఆమె ఆసుపత్రి మంచం మీదనే తన తొలి ఓటు వేసింది. ఆ ఓటుపెట్టె వెంట వెళ్ళిన వారిలో ప్రతిపక్షమైన రాడికల్ పార్టీ తరఫు యువకుడు దావీద్ విన్యాస్ ఉన్నాడు. తరవాత ప్రసిద్ధ నవలాకారుడైన ఆయన, బయట మోకరిల్లిన స్త్రీలు ఆ పెట్టెను ముద్దాడిన దృశ్యాన్ని గుర్తుచేసుకున్నాడు. 1952 జూలై 26న 33 ఏళ్ళ వయసులో ఆమె మరణించింది.

6. ఓటుహక్కు ఎవరి వారసత్వం?

1947 సెప్టెంబరులో 13,010వ నంబరు చట్టం అర్జెంటీనా స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది. పెరోనిస్టు చరిత్ర దీన్ని ఎవా ఇచ్చిన వరంగా చెబుతుంది. ఇది పూర్తి సత్యం కాదు. హులియెతా లాంతెరి 1911లోనే చట్టంలోని లొసుగును ఉపయోగించుకొని ఓటు వేసింది. సోషలిస్టు నాయకురాలు, వైద్యురాలు అలిసియా మొరో దె హుస్తో దశాబ్దాలపాటు ఈ హక్కుకోసం పనిచేసింది. 1932లో దిగువసభ ఆమోదించిన బిల్లు సెనేటులో ఆగిపోయింది. ఎవా స్వీయకథ ఈ పూర్వికులకు కృతజ్ఞత చెప్పదు. పైపెచ్చు స్త్రీవాదులను పురుషులు కాలేకపోయామన్న అక్కసుతో మాట్లాడేవారిగా చిత్రిస్తుంది.

ఈ సందర్భంలో భారతీయ పాఠకులకు పరిచితమైన ఒక పేరు ప్రస్తావించాలి. 1924లో అస్వస్థుడైన రవీంద్రనాథ్ ఠాగూర్‌కు సాన్ ఇసిద్రోలో ఆతిథ్యమిచ్చిన విక్తోరియా ఒకాంపో, ఆయన 'విజయ' అని పిలిచి 'పూరబి'ని అంకితం చేసిన వ్యక్తి, 'సుర్' పత్రిక స్థాపకురాలు. ఆమె 1936లో ఏర్పడిన అర్జెంటీనా మహిళా సంఘానికి అధ్యక్షురాలు. 1945లో సైనిక ప్రభుత్వం శాసనంతో స్త్రీలకు ఓటు ఇవ్వజూపినప్పుడు ఒకాంపో దాన్ని వ్యతిరేకించింది. ప్రజాస్వామ్యం లేని ప్రభుత్వం చేతి నుంచి ప్రజాస్వామ్య హక్కును అందుకోకూడదన్నది ఆమె వాదం. ఎవా మరణానంతరం, 1953లో, పెరోన్ ప్రభుత్వం ఒకాంపోను 26 రోజులు జైల్లో ఉంచింది.

ఇద్దరిలో ఎవరిది న్యాయం? ఒకాంపో వాదంలో సూత్రబలం ఉంది. కాని ఆ సూత్రం కోసం నిరీక్షించగల స్థోమత ఆమె వర్గానికి ఉంది. ఎవా వాదంలో ఫలితబలం ఉంది. కాని ఆ ఫలితం అందించిన ప్రభుత్వం తనను ప్రశ్నించినవారిని సహించలేదు. స్త్రీల రాజకీయ చరిత్రలో వర్గం ప్రవేశించినప్పుడు 'స్త్రీలు' అన్న ఏకవర్గ భావన చీలిపోతుందనడానికి వీరిద్దరి వైరం మంచి నిదర్శనం. విచిత్రం ఏమిటంటే, స్త్రీవాదులను ఎగతాళి చేసిన అదే స్వీయకథలో, ఇల్లు నడిపే స్త్రీ శ్రమకు నెలనెలా ప్రతిఫలం చెల్లించాలన్న ప్రతిపాదన ఉంది. ఇంటిచాకిరీకి వేతనమన్న నినాదం పాశ్చాత్య స్త్రీవాద ఉద్యమంలో ప్రబలమైంది 1970లలో. భక్తిపరురాలైన భార్య గొంతుతో రాసిన పుస్తకంలో ఈ ఆర్థికవాదం ఉండడం, ఆ గొంతు కింద వేరే గొంతు ఉందనడానికి సూచన.

7. పేరు నిషేధం, పేరులేని కథ

1955 సెప్టెంబరులో సైనిక తిరుగుబాటు పెరోన్‌ను గద్దె దించింది. 1956 మార్చిలో వెలువడిన 4161వ నంబరు శాసనం పెరోన్ దంపతుల పేర్లనూ చిత్రాలనూ బహిరంగంగా వాడడాన్ని నేరంగా ప్రకటించింది. పరిరక్షణ చేసి ఉంచిన ఎవా భౌతికకాయాన్ని సైన్యం మాయంచేసి, 1957లో వేరొక పేరుతో ఇటలీలోని మిలాన్‌లో ఖననం చేసింది. 1971లో అది మాడ్రిడ్‌లో ప్రవాసంలో ఉన్న పెరోన్‌కు చేరింది. 1976లో బ్యూనస్ ఎయిరిస్‌లోని రెకొలెతా శ్మశానంలో దువార్తె కుటుంబ సమాధికి వచ్చింది.

రొదోల్ఫో వాల్ష్ 1965లో ప్రచురించిన 'ఎసా ముహేర్' (ఆ స్త్రీ) ఈ అదృశ్యంపై వచ్చిన కథ. ఒక పాత్రికేయుడు, ఒక విశ్రాంత కల్నల్ మద్యం తాగుతూ మాట్లాడుకుంటారు. పాత్రికేయుడికి శవం ఎక్కడుందో కావాలి. కల్నల్ చెప్పడు. కథ ముగిసేదాకా ఎవా పేరు ఒక్కసారి కూడా రాదు. పేరును నిషేధించిన శాసనాన్ని కథ అక్షరాలా పాటిస్తున్నట్లు కనిపిస్తుంది. పేరు లేకపోయినా ప్రతి పాఠకుడికీ అది ఎవరో తెలుస్తుంది. నిషేధం ఓడిపోయిందని కథ ఆ విధంగా రుజువు చేస్తుంది. చివరికి కల్నల్ ఆ స్త్రీ తనదేనంటాడు. బతికున్నప్పుడు పెరోన్‌దని చెప్పుకున్న స్త్రీని, చనిపోయాక సైన్యం తనదంటోంది. వాల్ష్ ఈ యాజమాన్యభావాన్ని బయటపెట్టాడు. అందుకే ఆమెపై వచ్చిన రచనల్లో ఈ చిన్నకథకు విశిష్టస్థానం ఉంది. వాల్ష్‌ను 1977 మార్చిలో మరో సైనిక ప్రభుత్వం మాయంచేసింది.

బోర్హెస్ దృష్టి వేరు. 1960 నాటి సంపుటిలోని 'ఎల్ సిములాక్రో' అనే చిన్నరచనలో, మారుమూల పల్లెలో ఒకడు అట్టపెట్టెలో బొమ్మను పడుకోబెట్టి, తాను భర్తలా నిలబడి, పరామర్శకు వచ్చినవారి డబ్బు తీసుకుంటాడు. ఆ బూటకానికీ రాజధానిలో జరిగినదానికీ తేడా లేదన్నది బోర్హెస్ సూచన. శిల్పపరంగా ఇది పదునైన రచన. కాని ఆ వరుసలో నిలబడిన పేదలు ఇందులో అమాయకులుగా మాత్రమే కనిపిస్తారు. వృద్ధాప్యపు భత్యమో, ఆసుపత్రి పడకో, ఓటో పొందినవారు కావచ్చునన్న ఆలోచన రచనలోకి రాదు. మోసాన్ని పసిగట్టిన కన్ను ప్రయోజనాన్ని చూడలేదు.

8. ప్రతినాయిక నుంచి ప్రదర్శన వరకు

ఎవా మరణించిన ఏడాదే మేరీ మెయిన్ ఆంగ్లంలో రాసిన జీవితచరిత్ర ఆమెను కొరడా పట్టిన స్త్రీగా చిత్రించింది. 1970లో కోపి నాటకం 'ఎవా పెరోన్' పారిస్‌లో ప్రదర్శితమైంది. ప్రధానపాత్రను పురుషుడు ధరించాడు. ఇందులో ఎవా చనిపోదు. తన బదులు మరొకరిని శవంగా మిగిల్చి తప్పించుకుంటుంది. ఇది దారుణమైన వ్యంగ్యం. అయినా, ఇతరులు తనకు రాసిన మరణదృశ్యాన్ని ఆమె నిరాకరించేది ఈ నాటకంలోనే. 1972లో వి.ఎస్. నైపాల్ రాసిన వ్యాసాల్లో ఆమె ఆరాధన అర్జెంటీనా సమాజపు వెనుకబాటుకు చిహ్నమైంది. 1978లో లండన్‌లో ప్రదర్శితమైన 'ఎవిటా' సంగీతరూపకం, 1996 నాటి దాని చలనచిత్రరూపం ఆమెను ప్రపంచానికి పరిచయం చేశాయి. వాటిలో ఆమె ఎక్కిన ప్రతి మెట్టూ ఒక పురుషుడే. పార్టీ కేంద్రాలు, నమోదుకోసం తిరిగిన 23 మంది ప్రతినిధులు ఆ వేదికపై కనిపించరు.

తొమాస్ ఎలోయ్ మార్తినెస్ నవల 'సాంతా ఎవిటా' (1995) వీటన్నిటికంటే ఆత్మపరిశీలన కలిగినది. శవం చేసిన ప్రయాణాన్ని అనుసరిస్తూనే, తాను రాస్తున్నది చరిత్రా కల్పనా అని అది తననే ప్రశ్నించుకుంటుంది. తాను కల్పించిన మాటలను కొందరు తరవాత వాస్తవంగా స్వీకరించారని మార్తినెస్ చెప్పుకున్నాడు. ఎవా విషయంలో పురాణం చరిత్రను మింగగలదనడానికి ఇది చాలు. అయినా ఈ నవలకు కూడా కేంద్రం దేహమే.

సాహిత్యం దేహం మీద నిలిచిపోవడంతో మరుగునపడినవారిని ఒక్క ఉదాహరణతో చూడవచ్చు. స్త్రీల పార్టీ నుంచి ఎన్నికైన దెలియా పరోది 1953లో దిగువసభ ఉపాధ్యక్షురాలైంది. 1955 తరవాత జైలుకు వెళ్ళింది. ఎవా నిర్మాణశక్తికి నిజమైన కొలబద్ద ఇలాంటి స్త్రీల జీవితాలే. పైన చర్చించిన ప్రసిద్ధ రచనలేవీ వారివైపు తిరగలేదు. దీనికి కొంత బాధ్యత ఎవాది కూడా. అభ్యర్థులను తానే ఎంపికచేసి, ప్రతి విజయాన్నీ పెరోన్‌కు అంకితం చేసిన నాయకత్వం, తన వెనక ఉన్నవారికి సొంత గొంతు ఏర్పడే అవకాశాన్ని పెద్దగా ఇవ్వలేదు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఎవా పెరోన్ స్వీయకథలోని వినయాన్ని కపటమనీ నిజాయితీ అనీ తీర్పు చెప్పడంవల్ల విమర్శకు ఒరిగేది తక్కువ. స్త్రీకి అధికారం నేరుగా అందని వ్యవస్థలో అది పనిముట్టుగా ఉపయోగపడింది. రెండోది, ఆ పనిముట్టుకు మూల్యం ఉంది. భర్త పేరుతో పొందిన అధికారం పదవిగా మారవలసిన వేళ ఆమె చేతిలో నిలవలేదు. మూడోది, అనుకూల ప్రతికూల రచనలు రెండూ ఆమెను అద్భుతంగానో అభాసంగానో చూసి, ఆమె కట్టిన సంస్థలనూ వాటి లోపాలనూ చర్చించే అవకాశాన్ని జారవిడుచుకున్నాయి.

ఎవాకు దక్కని ఉపాధ్యక్ష పదవి 1973లో పెరోన్ మూడో భార్య ఇసబెల్‌కు దక్కింది. 1974లో భర్త మరణంతో ఆమె అధ్యక్షురాలైంది. ఎవాకు ఉన్న ప్రజాబలం ఆమెకు లేదు. 1976 మార్చిలో సైన్యం ఆమెను తొలగించింది. 2007లో క్రిస్తినా ఫెర్నాందెస్ దె కిర్చ్‌నెర్, తానూ అధ్యక్షుడి భార్యే అయినా, సొంతంగా ఎన్నికలో గెలిచి ఆ పదవి చేపట్టింది. ఈ ముగ్గురి చరిత్రలను పక్కపక్కన పెట్టి చదివితే, భార్యగా రావడం, అభ్యర్థిగా రావడం వేరువేరు రాజకీయ స్థితులని స్పష్టమవుతుంది.

1951 ఆగస్టు సభ జరిగిన 9 జూలై రహదారి మీద, నాటి ప్రజాపనుల మంత్రిత్వశాఖ భవనానికి 2011లో ఎవా ముఖచిత్రాలను ఉక్కుతో అమర్చారు. పేదల నివాసాలున్న దక్షిణదిశకు తిరిగిన ముఖం చిరునవ్వుతో ఉంటుంది. సంపన్నులుండే ఉత్తరదిశకు తిరిగిన ముఖం మైకు ముందు ఆవేశంగా మాట్లాడుతూ ఉంటుంది. స్వీయకథ ఆమెను ఇద్దరిగా విడదీసింది, స్మారకం కూడా అదే చేసింది. రిజిస్టర్లు, జాబితాలు, ఖాతాపుస్తకాల ముందు కూర్చొని నిర్ణయాలు తీసుకున్న మూడో మనిషికి ఆ గోడల మీద కూడా చోటు దొరకలేదు. పాలకుల భార్యల జీవితాలను అధ్యయనం చేసేవారు ముందుగా వెదకవలసింది ఆ మనిషినే. ఆమె కనిపించినప్పుడే, ఆకాంక్షను నేరంగా కాకుండా పనిగా తూచడం, ఆ పనికి లెక్క అడగడం రెండూ సాధ్యమవుతాయి.